రేడియేషన్‌తో నోరు పూసినప్పుడు తేనె వాడవచ్చా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు

వంశధార_ఒడ్డు | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా. మా అమ్మగారి వయసు 58 సంవత్సరాలు. మా ప్రాంతంలో చాలామంది ఆడవారికి ఉన్నట్టే ఆమెకు కూడా చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకొని కాల్చే అలవాటు, అంటే అడ్డపొగ, ముప్ఫై ఏళ్లకు పైగా ఉండేది. గత ఏడాది చివర అంగిలి మీద తెల్లటి మచ్చ పుండుగా మారింది. పరీక్ష చేయిస్తే క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్‌లో అంగిలిలో కొంత భాగం తీసివేసి, ఆ ఖాళీని మూయడానికి ప్లేటు అమర్చారు. ఇప్పుడు 30 సిట్టింగుల రేడియేషన్ నడుస్తున్నది, నిన్నటికి ఎనిమిది పూర్తయ్యాయి.

మూడు రోజులుగా బుగ్గల లోపలి వైపు ఎర్రగా కంది ఉన్నది. మజ్జిగన్నం కూడా మంటగా ఉన్నదని సగం ముద్ద దగ్గరే ఆపేస్తున్నారు. డాక్టరు గారు బెంజిడమిన్ పుక్కిలింత మందు, వంటసోడా నీళ్లు రాసిచ్చారు. సీతంపేట వైపు నుంచి మా బంధువు ఒకరు సీసాడు పుట్ట తేనె తెచ్చి, ఇది పూస్తే పుండ్లు పడవని చెప్పారు. మా నానమ్మ మాత్రం తేనె వేడి చేస్తుంది, అసలే నోరు కాలినట్టున్న మనిషికి ఇవ్వవద్దని అంటున్నారు. పక్కింటి వారు పొంగించిన వెలిగారం (బోరాక్స్) తేనెలో రంగరించి పూయమంటున్నారు. ఎవరి మాట వినాలో తెలియక ఇక్కడ అడుగుతున్నాను.

తెల్ల_కోటు | సోమవారం, రాత్రి 10:05

వంశధార గారూ, నేను రేడియేషన్ విభాగంలో పద్నాలుగేళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. ముందుగా వెలిగారం సంగతి: దయచేసి అది వాడవద్దు. పిల్లల నోటిపూతకు పూర్వం మన ఇళ్లలో వాడిన మాట నిజమే కానీ, తేనెలో కలిపిన వెలిగారం నాకించడం వల్ల పసిపిల్లలకు మూర్ఛలు వచ్చిన సంఘటనలు వైద్య గ్రంథాలలో నమోదై ఉన్నాయి. పైపొర ఊడిపోయిన నోట్లోంచి అది మరింత సులువుగా ఒంట్లోకి వెళుతుంది.

ఇక నోరు ఎందుకు పూస్తుందో తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. నోటి లోపలి పొర వారం రెండు వారాలకు ఒకసారి పూర్తిగా కొత్తదవుతూ ఉంటుంది. అడుగున ఉండే కణాలు విభజన చెందుతూ పైకి వస్తుంటాయి, పైవి రాలిపోతుంటాయి. రేడియేషన్ విభజన చెందే కణాలనే ఎక్కువగా దెబ్బ తీస్తుంది కనుక, పాతవి రాలిపోయినప్పుడు వాటి స్థానంలోకి రావలసినవి రావు. అందువల్ల మొదటి వారం ఏమీ తెలియదు, రెండవ వారంలో ఎరుపు కనిపిస్తుంది, మూడవ వారానికి పుండ్లు పడతాయి. ఇది "వేడి చేయడం" కాదు. నానమ్మ గారికి ఈ విషయం నెమ్మదిగా చెప్పండి, ఆమె ఆదుర్దాలో తప్పేమీ లేదు.

తేనె విషయంలో నా అభిప్రాయం: డాక్టరు గారికి చెప్పి, ఇప్పుడు వాడుతున్న మందులతో పాటు వాడవచ్చు, వాటికి బదులుగా మాత్రం కాదు. మా దగ్గర వాడేవారికి మేము చెప్పే పద్ధతి ఇది: సిట్టింగుకు పావుగంట ముందు ఒకసారి, సిట్టింగు అయిన పావుగంటకు ఒకసారి, ఆరు గంటల తర్వాత మరొకసారి. తేనెను నోటి నిండా నెమ్మదిగా తిప్పి, బుగ్గలకు, నాలుక కిందకు తగిలేలా ఒకటి రెండు నిమిషాలు ఉంచి, కొద్దికొద్దిగా మింగాలి. మాస్కు బిగించి బల్ల మీద పడుకోబెట్టే సమయానికి నోట్లో ఒక్క చుక్క కూడా మిగిలి ఉండకూడదు, ఎందుకంటే మాస్కు కింద దగ్గు వస్తే మనిషి తల కదిలించలేరు.

మీ అమ్మగారి విషయంలో ఇంకొకటి. అంగిలికి ప్లేటు ఉన్నదన్నారు. ప్లేటు తీసిన సమయంలో తేనె ఇస్తే అది ముక్కులోకి ఎక్కుతుంది. ప్లేటు పెట్టుకొని, కూర్చొని, తల కొంచెం ముందుకు వంచి తీసుకోమనండి.

ఆమెకు షుగర్ ఉన్నదా?

వంశధార_ఒడ్డు | సోమవారం, రాత్రి 10:21

ఉన్నదండి. ఆరేళ్లుగా మాత్రలు వాడుతున్నారు. తేనె సహజమైనది కనుక పరవాలేదని మా బంధువు అన్నారు.

ఔషధ_పుట | మంగళవారం, ఉదయం 6:48

నేను ఫార్మకాలజీ బోధిస్తాను. నర్సు గారు సరైన ప్రశ్న వేశారు, దానికి లెక్కతో జవాబు చెబుతాను. అధ్యయనాలలో వాడిన మోతాదు ఒక్కోసారి 20 మిల్లీలీటర్లు. తేనె నీటికంటే బరువు కనుక అది దాదాపు 28 గ్రాములు, అందులో ఇంచుమించు ఐదింట నాలుగు వంతులు చక్కెరలే. రోజుకు మూడుసార్లంటే 65 నుంచి 70 గ్రాముల చక్కెర అవుతుంది. షుగర్ ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు, సహజమైనదైనా కాకపోయినా రక్తంలో అది చక్కెరగానే చేరుతుంది. అలాగని షుగర్ ఉన్నవారు తాకనే కూడదని కూడా నేను అనను. డాక్టరు గారు మోతాదు తగ్గించి, ఇంట్లో గ్లూకోమీటరుతో చూసుకుంటూ వాడమనవచ్చు. ఆ నిర్ణయం మాత్రం మనం ఇక్కడ తీసుకునేది కాదు.

నర్సు గారు చెప్పిన పావుగంట, పావుగంట, ఆరు గంటల పద్ధతి మలేషియాలో 2003లో ప్రచురితమైన ఒక అధ్యయనం నుంచి వచ్చింది. తల, మెడ భాగాలకు రేడియేషన్ తీసుకుంటున్న 40 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు మామూలు చికిత్సతో పాటు తేనె ఇచ్చారు. పుండ్లు తీవ్రమై మూడవ, నాలుగవ గ్రేడుకు చేరినవారు తేనె జట్టులో 20 శాతం, రెండవ జట్టులో 75 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలమానం ప్రకారం మూడవ గ్రేడు అంటే ద్రవాహారం తప్ప ఏమీ మింగలేకపోవడం, నాలుగవ గ్రేడు అంటే అది కూడా సాధ్యం కాకపోవడం. ఆ తర్వాత ఇరాన్, ఈజిప్టులలోను, మన మంగళూరులోను ఇటువంటి అధ్యయనాలు జరిగాయి. 2010లో ప్రచురితమైన మంగళూరు అధ్యయనంలో తేనెను లిగ్నోకైన్ అనే మొద్దుబార్చే జెల్‌తో పోల్చి చూసినప్పుడు, తేనె వాడిన 20 మందిలో భరించలేని స్థాయికి చేరినది ఒక్కరే.

ఇవన్నీ చిన్న అధ్యయనాలు. పైగా తేనె రుచి ఎవరికైనా తెలుస్తుంది కనుక, తాము ఏ జట్టులో ఉన్నామో రోగికి తెలియకుండా ఉంచడం కష్టం. నోటిపుండ్ల చికిత్సకు ప్రపంచవ్యాప్తంగా ఆధారంగా తీసుకునే మాస్క్ (MASCC అనే అంతర్జాతీయ నిపుణుల సంఘం) మార్గదర్శకాలలో 2020లో తేనెకు చోటు దొరికింది. అయితే గట్టి సిఫారసుగా కాదు, అంతకంటే ఒక మెట్టు తక్కువైన సూచనగా. అది కూడా తల, మెడ రేడియేషన్ తీసుకునేవారిలో పుండ్లు తీవ్రం కాకుండా నివారించడానికి, నోట్లో తిప్పి మింగే పద్ధతిలో. ఈ ప్రతి మాటకూ అర్థం ఉన్నది. పుండు పడ్డాక మాన్పుతుందని గాని, ప్రతి క్యాన్సరుకూ ప్రతి మందుకూ పనికివస్తుందని గాని ఆ సూచన చెప్పడం లేదు.

థేమ్స్_తెలుగు | మంగళవారం, మధ్యాహ్నం 2:30

నేను ఇంగ్లండులో ఉంటాను. మూడేళ్ల క్రితం మా వారికి నాలుక మొదట్లో క్యాన్సర్ వచ్చి, ఏడు వారాల రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు కూడా ఇచ్చారు. మా స్నేహితులందరూ న్యూజిలాండు మనూకా తేనె కొనమని చెప్పారు. చిన్న సీసా కూడా చాలా ఖరీదు, అయినా వరుసగా ఐదు సీసాలు కొన్నాను. మొదటి పది రోజులు ఇష్టంగానే తీసుకున్నారు. మూడవ వారంలో ఒక సాయంత్రం చెంచా నోట్లో పెట్టుకోగానే ఆయన రెండు చేతులతో బల్ల అంచు పట్టుకొని కళ్లు మూసుకున్నారు. మందు అనుకొని ఇంకో రెండు రోజులు నేనే బలవంతం చేశాను. ఆ రెండు రోజుల గురించి ఇప్పటికీ బాధపడతాను. ఔషధ_పుట గారూ, మనూకా మీద ఏమైనా అధ్యయనాలు ఉన్నాయా?

ఔషధ_పుట | మంగళవారం, సాయంత్రం 5:15

ఉన్నాయి, మీ అనుభవానికి దగ్గరగానే ఉన్నాయి. మాంచెస్టరులో 131 మందితో చేసి 2012లో ప్రచురించిన అధ్యయనంలో మనూకా తేనెను గోల్డెన్ సిరప్ అనే చక్కెర పాకంతో పోల్చారు, పుండ్ల తీవ్రతలో తేడా కనిపించలేదు. 2014లో కెనడా నుంచి వచ్చిన అధ్యయనంలో కూడా మేలు కనిపించలేదు, పైగా చాలామంది దానిని ఓర్చుకోలేక మధ్యలో మానేశారు. కనుక మీరు చేసినదానిలో మీ లోపమేమీ లేదమ్మా.

ఖరీదైన తేనె గొప్ప తేనె అన్న నమ్మకానికి ఈ విషయంలో ఆధారం లేదు. తేనె సూక్ష్మజీవులను అణచే కారణాలు సాధారణమైనవే. అందులో నీరు తక్కువ, చక్కెర ఎక్కువ కనుక అది క్రిముల నుంచి నీటిని లాగేస్తుంది. పులుపు గుణం ఉన్నది. తేనెటీగలు కలిపే ఒక ఎంజైము వల్ల కొద్ది కొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడు పుడుతుంది. మనూకాలో వీటికి తోడు మిథైల్‌గ్లయాక్సాల్ అనే పదార్థం ఎక్కువగా ఉంటుంది. అది మానని పుండ్లకు పైపూతగా పేరు తెచ్చుకున్నది కానీ, ఒలిచినట్టున్న నోటికి ఓర్చుకోగలగడమే అన్నిటికంటే ముఖ్యం.

మన్యం_పెర | మంగళవారం, రాత్రి 8:40

నేను అల్లూరి జిల్లాలో తేనెపెట్టెలు పెంచుతాను. వంశధార గారి బంధువు తెచ్చిన సీసా గురించి రెండు మాటలు చెప్పాలి.

అడవి తేనె అంతా ఒకటి కాదు. చెట్ల మీద, కొండరాళ్ల మీద వేలాడే పెద్ద పెరల తేనెలో నీటి శాతం తరచుగా ఎక్కువగా ఉండి, త్వరగా పులుస్తుంది. నిబంధనల ప్రకారం తేనెలో నీరు 20 శాతానికి మించకూడదు. పెరను చేతితో పిండి తీసినప్పుడు పిల్ల పురుగుల రసం, మైనం ముక్కలు, పుప్పొడి, ధూళి అన్నీ కలుస్తాయి. ఆరోగ్యవంతులు తింటే ఇబ్బంది లేదు, మేము కూడా అదే తింటాము. పుండు పడిన నోటికి మాత్రం వడకట్టని, మూత తీయగానే నురగ వచ్చే, పుల్లటి వాసన ఉన్న తేనెను నేను ఇవ్వను.

అసలు తేనెను గుర్తుపట్టడానికి నీళ్లలో వేసి చూడడం, వత్తిని ముంచి వెలిగించడం, కాగితం మీద చుక్క వేయడం చేస్తుంటారు. పాకం కలిపిన తేనె కూడా వీటన్నిటిలో నెగ్గుతుంది. అలాగే తేనె పేరుకుంటే పంచదార కలిపారని పారబోసేవారు చాలామంది ఉన్నారు. స్వచ్ఛమైన తేనె కూడా పేరుకుంటుంది. 2020 డిసెంబరులో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ 13 బ్రాండ్ల తేనెను కల్తీని పట్టే ఎన్‌ఎంఆర్ అనే ప్రయోగశాల పరీక్షకు పంపితే, పది ఆ పరీక్షలో నిలవలేదు. కాబట్టి ఇంట్లో చేసే పరీక్షలను నమ్ముకోకుండా, ఎవరు ఎక్కడ తీశారో తెలిసిన, శుద్ధి చేసి సీలు వేసిన తేనెను తీసుకోండి.

చిట్టితల్లి_అమ్మ | బుధవారం, ఉదయం 11:02

మా పాపకు ఏడేళ్లు. రక్తక్యాన్సరుకు కీమో నడుస్తున్నది. మెథోట్రెక్సేట్ ఎక్కించిన తర్వాత నోరంతా పూసి, నీళ్లు మింగడానికి కూడా ఏడుస్తున్నది. తేనెటీగల నుంచి వచ్చే ప్రోపోలిస్ చుక్కలు, రాయల్ జెల్లీ చాలా బాగా పనిచేస్తాయని ఒకరు ఆన్‌లైన్‌లో పంపారు. పాపకు ఈ వారం తెల్లకణాలు బాగా పడిపోయాయి. తేనె గాని, ఇవి గాని ఇవ్వవచ్చునా?

తెల్ల_కోటు | బుధవారం, ఉదయం 11:20

అమ్మా, మీరు ఈ జవాబు చూసిన వెంటనే మీ వార్డుకు ఫోన్ చేయండి. తెల్లకణాలు పడిపోయిన పిల్లకు నోరు అంతగా పూసి నీళ్లు మింగలేకపోతున్నదంటే డాక్టరు చూడవలసిందే. సెలైను, నొప్పి మందు, ఫంగస్ మందు అవసరం కావచ్చు. జ్వరం 38 డిగ్రీలు, అంటే 100.4 ఫారన్‌హీట్, దాటితే అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. కణాలు తిరిగి పెరిగే వరకు, డాక్టరు స్వయంగా చెబితే తప్ప, పచ్చి తేనె గాని ఆ చుక్కలు గాని నోట్లో వేయవద్దు. పచ్చి తేనెలో సూక్ష్మజీవుల బీజాలు ఉండే అవకాశం ఉన్నది. ఏడాది దాటిన ఆరోగ్యవంతులైన పిల్లల శరీరం సాధారణంగా వాటిని తట్టుకుంటుంది, ఈ సమయంలో పాప శరీరం తట్టుకోలేకపోవచ్చు.

మన్యం_పెర | బుధవారం, మధ్యాహ్నం 1:10

ప్రోపోలిస్ గురించి తెలిసినంత చెబుతాను. అది తేనె కాదు. చెట్ల మొగ్గల నుంచి, బెరడు నుంచి కారే జిగురును తేనెటీగలు తెచ్చి, మైనంతో కలిపి పెట్టెలో పగుళ్లు పూడ్చుకునే బంక. మన పుట్ట తేనెటీగలు దానిని దాదాపుగా సేకరించవు, విదేశీ జాతి అయిన మెల్లిఫెరా ఈగలు సేకరిస్తాయి. అది నీటిలో కరగదు కనుక చుక్కల మందుగా అమ్మేవాటిలో ఎక్కువ భాగం ఆల్కహాలులో కరిగించినవే. పచ్చి పుండు మీద ఆల్కహాలు పడితే ఎలా ఉంటుందో వేరే చెప్పనవసరం లేదు. పెట్టెలు శుభ్రం చేసేటప్పుడు ఆ బంక తగిలి నా తమ్ముడి చేతులు ప్రతిసారీ దద్దుర్లు పడతాయి.

ఔషధ_పుట | బుధవారం, సాయంత్రం 6:30

మన్యం గారు చెప్పిన దద్దుర్లు వైద్యులకు బాగా తెలిసిన విషయం, ప్రోపోలిస్ చర్మ అలర్జీకి పేరుపడిన పదార్థం. రాయల్ జెల్లీ మరింత జాగ్రత్తగా చూడవలసినది. ఉబ్బసం ఉన్నవారిలో అది ప్రాణాపాయకరమైన అలర్జీ కలిగించిన సంఘటనలు ఉన్నాయి. మాస్క్ నిపుణులు ఈ రెండింటినీ పరిశీలించి, సూచన చేయడానికి తగిన ఆధారం లేదని తేల్చారు.

పిల్లల విషయంలో ఈజిప్టులో రక్తక్యాన్సర్ ఉన్న 90 మంది పిల్లలతో ఒక ప్రాథమిక అధ్యయనం జరిగి 2012లో ప్రచురితమైంది. ఒక జట్టుకు తేనె, ఒక జట్టుకు తేనె, ఆలివ్ నూనెలో తీసిన ప్రోపోలిస్ సారం, తేనెమైనం కలిపిన మిశ్రమం, మూడవ జట్టుకు నొప్పి తగ్గించే జెల్ ఇచ్చారు. రెండవ గ్రేడు పుండ్లలో మిశ్రమం కంటే ఒట్టి తేనె పూసిన పిల్లలే త్వరగా కోలుకున్నారు. తేనెటీగ ఇచ్చినవన్నీ కలిపితే మేలు కూడా కలిసి పెరుగుతుందన్న ఊహ అక్కడ నిలవలేదు. చిట్టితల్లి అమ్మగారూ, ఇది వైద్యుల పర్యవేక్షణలో జరిగినది. ఇంట్లో మనంతట మనం చేయడానికి ఇది అనుమతి కాదు, అందులోనూ పాపకు కణాలు పడిపోయిన ఈ వారంలో.

పంటి_వైద్యం | గురువారం, ఉదయం 7:55

దంతవైద్యుడిగా ఒక విషయం మీద గట్టిగా చెప్పదలచాను, ఎందుకంటే తేనె గురించి మాట్లాడేవారు పళ్లను మరచిపోతారు. మెడకు, నోటికి రేడియేషన్ తీసుకున్నవారిలో లాలాజలం తగ్గిపోతుంది. పళ్లను రోజంతా కడిగే నీరు అదే. అది లేని నోట్లో చక్కెర పంటిని అంటిపెట్టుకొని ఉంటే, నెలల వ్యవధిలోనే చిగుళ్ల అంచున పళ్లు నల్లబడి విరిగిపోతాయి. అప్పుడు పన్ను పీకవలసి వస్తే, రేడియేషన్ తగిలిన దవడ ఎముక మానక కుళ్లే ప్రమాదం ఉన్నది.

కాబట్టి రాత్రి చివరగా తేనె పెట్టుకొని పడుకోవడం వద్దు. చివరి తేనె తర్వాత అరగంట ఆగి, గ్లాసు గోరువెచ్చని నీటిలో పావు చెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు కలిపి పుక్కిలించాలి; మెత్తటి బ్రష్షుతో ఫ్లోరైడ్ పేస్టు వాడాలి. వంశధార గారూ, అమ్మగారి ప్లేటును ప్రతిసారీ తీసి కడగండి, దాని కింద చేరిన తేనె మీద ఫంగస్ పెరుగుతుంది. నోట్లో పాలమీగడ లాంటి తెల్లని పొరలు కనిపిస్తే అది ఫంగసే అయి ఉండవచ్చు, దానికి తేనె కాదు, మందు కావాలి.

కృష్ణా_తీరం | గురువారం, రాత్రి 9:30

నాకు ఐదేళ్ల క్రితం బుగ్గ క్యాన్సరుకు 33 సిట్టింగులు ఇచ్చారు. నేను తేనె వాడాను. నాకు మేలు అనిపించింది కానీ అది తేనె వల్లనా, పుక్కిలింత మందు వల్లనా అని అడిగితే చెప్పలేను. నాలుగవ వారం నుంచి ఉమ్మి బంకలా సాగేది, ఒట్టి తేనె ఆ బంకను ఇంకా చిక్కబరిచింది. అప్పుడు మా ఆవిడ చెంచా తేనెను రెండు చెంచాల కాచి చల్లార్చిన నీటిలో కలిపి ఇచ్చేవారు, అది హాయిగా ఉండేది. రాగి జావ కూడా నిమ్మకాయ, కారం లేకుండా, గోరువెచ్చన కూడా కాకుండా పూర్తిగా చల్లారాక గుడ్డలో వడకట్టి ఇచ్చేవారు. మంట పుట్టిన రోజు తేనె మానేసేవాణ్ణి. ఎవరూ బలవంతం చేయలేదు.

వంశధార_ఒడ్డు | మూడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 6:10

అందరికీ కృతజ్ఞతలు. నర్సు గారి పోస్టు మర్నాడే డాక్టరు గారిని అడిగాను. షుగర్ ఉన్నందువల్ల ఒక్కోసారి చిన్న చెంచాడు, అంటే 5 మిల్లీలీటర్లు మాత్రమే, రోజుకు మూడుసార్లు వాడమన్నారు. ఉదయం, సాయంత్రం గ్లూకోమీటరుతో చూసి పుస్తకంలో రాస్తున్నాను. ఒక వారం కొంచెం పెరిగితే మాత్ర మోతాదు మార్చారు. మా బంధువు తెచ్చిన సీసా మూత తీస్తే నురగ వచ్చింది, అందువల్ల పక్కన పెట్టి సీలు వేసిన తేనె కొన్నాము.

నిన్నటికి 23 సిట్టింగులు అయ్యాయి. పుండ్లు పడ్డాయి, పడలేదని చెప్పను. కుడి బుగ్గ లోపల రూపాయి బిళ్లంత తెల్లటి పొర ఉన్నది, ఫంగస్ కాదని చూసి చెప్పారు. ముక్కు గొట్టం అవసరం రాలేదు. మెత్తగా వండి చిదిమిన పెసరపప్పు అన్నం, ఉడికించిన గుడ్డు పెరుగులో కలిపి తింటున్నారు. బరువు రెండు కిలోలు తగ్గారు. తేనె చెంచా ఇప్పుడు నానమ్మే తెచ్చి ఇస్తున్నారు, ప్లేటు పెట్టుకున్నావా అని ముందు అడిగి మరీ. రేడియేషన్ పూర్తయ్యాక తేనె ఆపేయాలా?

చిట్టితల్లి_అమ్మ | ఆదివారం, రాత్రి 7:45

ఆ రోజే పాపను చేర్చుకున్నారు. ఐదు రోజులకు కణాలు పెరిగాయి, నోరు దానంతట అదే మానుతూ వచ్చింది. ఆ చుక్కల సీసా తెరవలేదు.

తెల్ల_కోటు | ఆదివారం, రాత్రి 9:00

పాప సంగతి విని చాలా సంతోషం కలిగిందమ్మా.

వంశధార గారూ, చివరి సిట్టింగుతో పుండ్లు ఆగవు. ఆ తర్వాత ఒకటి రెండు వారాలు మంట ఇంకా ఎక్కువ కావచ్చు, చాలామందికి రెండు నుంచి నాలుగు వారాలలో, కొందరికి ఇంకొంచెం ఆలస్యంగా తగ్గుతుంది. ఇంటికి వచ్చేశాము కదా అని అందరూ పుక్కిలింతలు మానేసేది సరిగ్గా ఆ సమయంలోనే. సోడా నీళ్లు రెండు మూడు గంటలకు ఒకసారి కొనసాగించండి. తేనె ఎప్పుడు ఆపాలో, షుగర్ మాత్ర ఎప్పుడు పాత మోతాదుకు తేవాలో రెండూ ఒకేసారి డాక్టరు గారిని అడిగి, మీరు రాస్తున్న పుస్తకంలోనే రాయించుకోండి. తేనె తగ్గించి, పెంచిన మాత్ర అలాగే వేస్తూ ఉంటే షుగర్ పడిపోతుంది.